అప్‌డేట్ రావాలంటే నెట్ కావాలి, నెట్ పెట్టాలంటే అప్‌డేట్ కావాలి: ఏది ముందు?

తూర్పు గోదావరి జిల్లాలోని ఒక ఊరి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు రాశారు. ఉత్తరం పొడవైనది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

2017లో కొన్న లాప్‌టాప్. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. కొన్నప్పటి బిల్లులో విండోస్ 10 హోమ్ అని ఉంది. ఈ మధ్య ఆన్ అవడానికే పది నిమిషాలు పడుతుంటే, తోడల్లుడి కొడుకు తన కంప్యూటర్ షాపుకి తీసుకెళ్ళి పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (అంతకన్నా చాలా వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేశాడు, విండోస్ 10 కొత్తగా ఎక్కించాడు. డిస్క్ ఖరీదు తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు. పాత డిస్క్ కవర్లో పెట్టి ఇచ్చాడు. ఇస్తూ, "పెదనాన్నా, అప్‌డేట్లు ఆపేశాను. మళ్ళీ ఆన్ చేశారంటే స్లో అయిపోద్ది" అన్నాడు. విండోస్ యాక్టివేషన్ కూడా తనే చేశానన్నాడు. ఇప్పుడు చూస్తే హోమ్ బదులు ప్రో అనే వేరే రకం విండోస్ పేరు కనిపిస్తోంది.

డల్లాస్‌లో ఉన్న అల్లుడు మరోలా చెప్పాడు. "మామయ్యగారూ, అప్‌డేట్లు పెట్టకుండా ఆ లాప్‌టాప్ నెట్‌కే కలపకండి, బ్యాంకు సైటు అసలే తెరవకండి." నెట్ లేకుండా అప్‌డేట్ ఎలా వస్తుందో మాస్టారికి అర్థం కాలేదు. ధైర్యం చేసి సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి "చెక్ ఫర్ అప్‌డేట్స్" నొక్కితే 80070422తో ముగిసే ఎర్రర్ వచ్చింది. పైన "సమ్ సెట్టింగ్స్ ఆర్ మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఒక వాక్యం. "నేను ఏ సంస్థలోనూ లేను, రిటైరై నాలుగేళ్ళు" అని రాశారు. ఫోన్లో రోజుకి 2 జీబీ డేటా. లాప్‌టాప్‌తో ఉన్న పనులు పెన్షన్ ఖాతా చూసుకోవడం, అను ఫాంట్లలో పద్య వ్యాసాలు టైపు చేసుకోవడం, మనవరాలితో వీడియో కాల్. కూతురు కొత్త లాప్‌టాప్ పంపుతానంటోంది, అది ఆయనకి ఇష్టం లేదు. కుర్రవాణ్ణి నొప్పించడం అంతకన్నా ఇష్టం లేదు. ముందు ఏం చేయాలి, ఇన్నేళ్ళ అప్‌డేట్లు అన్నీ పెట్టాలా, ఈ లాప్‌టాప్ ఇక పనికొస్తుందా, వాడికి ఏం చెప్పాలి అని అడుగుతున్నారు.

మాస్టారూ,

మీ లాప్‌టాప్ పనికొస్తుంది. అయితే దాన్ని పట్టుకున్న చిక్కు మీరు అనుకుంటున్న చోట లేదు. డేటా చాలకపోవడం, మిషన్ పాతదవడం చిన్న సంగతులు. అసలు సంగతి ఆ ప్రో విండోస్, దాన్ని యాక్టివేట్ చేసిన తీరు, అప్‌డేట్లకి వేసిన తాళం. ఈ మూడూ ఒకే పనిలో భాగాలు.

ముందు మీ అల్లుడి మాట. అది ఊరికే పుట్టిన భయం కాదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (నెట్ ద్వారా తనంతట తనే పాకే వైరస్) వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ కొత్తగా ఎక్కించి నేరుగా నెట్‌కి కలిపితే, అప్‌డేట్ దిగేలోపే అది లోపలికి దూరి, అరవై సెకన్లు లెక్కపెట్టి మిషన్ని రీస్టార్ట్ చేసేది. అది దూరే లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ని, అంటే ప్యాచ్‌ని, మైక్రోసాఫ్ట్ జూలైలోనే విడుదల చేసింది. కొత్తగా ఎక్కించిన విండోస్‌లో ఆ ప్యాచ్ ఉండదు, అక్కడే వచ్చింది తంటా. అప్పట్లో ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే కాపలా) ఉన్నా దానంతట అది ఆన్‌లో ఉండేది కాదు. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాకే ఫైర్‌వాల్ పుట్టుకతోనే ఆన్‌లో ఉండడం మొదలైంది. ఈ రోజు మీ ఫోన్ హాట్‌స్పాట్ వెనక, ఫైర్‌వాల్ ఆన్‌లో ఉన్న విండోస్ 10ని బయటివాళ్ళు నేరుగా తట్టి తలుపు తీయించడం అంత తేలిక కాదు. కాబట్టి అప్‌డేట్ల కోసం నెట్‌కి కలపవచ్చు. కలిపాక అప్‌డేట్ తప్ప ఇంకేమీ చేయకూడదు. బ్రౌజర్ తెరిచి తిరగడం, ఎవరిదో పెన్‌డ్రైవ్ పెట్టడం, మెయిల్ అటాచ్‌మెంట్ తెరవడం అన్నీ తర్వాత. వైఫైకి కలిపేటప్పుడు నెట్‌వర్క్ రకం "పబ్లిక్" అని ఉంచండి.

అప్‌డేట్ ఆలస్యం చేస్తే ఏమవుతుందనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వైరస్ 2017 మే 12న ప్రపంచాన్ని చుట్టబెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన లోపానికి మార్చి 14నే ప్యాచ్ వచ్చింది. దాదాపు రెండు నెలల గడువు దొరికింది. ఆ లోపు పెట్టుకున్న మిషన్లలోకి ఆ దారిన అది రాలేకపోయింది.

ఇప్పుడు మీ ఎర్రర్. 80070422 అంటే అప్‌డేట్ సర్వీసుని ఎవరో డిజేబుల్ చేశారని అర్థం. నెట్ బాగున్నా, సర్వర్ బాగున్నా, మీ మిషన్లో ఆ పని చేసే సర్వీసు మాత్రం కట్టేసి ఉంది. "యువర్ ఆర్గనైజేషన్" అన్న వాక్యం కూడా అందుకే వచ్చింది. ఆఫీసుల్లో అడ్మిన్లు వాడే పాలసీ సెట్టింగులను అప్‌డేట్ ఆపే టూల్స్ వాడుకుంటాయి, అప్పుడు విండోస్ మిమ్మల్ని ఏదో కంపెనీ ఉద్యోగి అనుకుంటుంది. ఆ వాక్యం కింద "వ్యూ కాన్ఫిగర్డ్ అప్‌డేట్ పాలసీస్" అన్న లింకు ఉంటుంది. నొక్కితే ఏయే తాళాలు పడ్డాయో కనిపిస్తాయి.

కుర్రవాడు చెప్పినదాంట్లోనూ నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. పాత హార్డ్ డిస్క్ మీద అప్‌డేట్ దిగుతున్నంతసేపూ డిస్క్ వాడకం నూరు శాతం చూపిస్తూ మిషన్ నిలిచిపోయేది. అలాంటివి రోజూ చూసేవాళ్ళకి "అప్‌డేట్ ఆపేస్తే హాయి" అనిపించడం సహజం. ఎస్ఎస్‌డీ వేశాక ఆ బాధ చాలావరకు పోతుంది. కొత్తగా ఎక్కించిన మొదటి ఒకటి రెండు రోజులు మాత్రం డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) స్కాన్, ఫైళ్ళ ఇండెక్సింగ్, డాట్‌నెట్ (చాలా ప్రోగ్రాములకి ఆధారమైన విండోస్ భాగం) పనులు వెనకాల నడుస్తూ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. ఆ రెండు రోజుల్ని చూసి "అప్‌డేట్ పెట్టాం, స్లో అయింది" అనే తీర్పు ఇచ్చేస్తుంటారు.

ఇక ప్రో సంగతి. 2017లో విండోస్‌తో కలిపి అమ్మిన లాప్‌టాప్‌లో దాని కీ మదర్‌బోర్డు మీది చిప్‌లోనే ఉంటుంది. హోమ్ ఎక్కిస్తే అది ఆ కీని తనంతట తనే చదువుకుని, నెట్‌కి కలవగానే యాక్టివేట్ అవుతుంది. ప్రో ఎక్కిస్తే ఆ కీ సరిపోదు, ప్రో లైసెన్స్ కొనకపోతే అప్పుడు క్రాక్ టూల్, అంటే లైసెన్స్ లేకుండానే యాక్టివేట్ చేసే దొంగ ప్రోగ్రాము, అవసరం పడుతుంది. అంటే చేతిలో అసలు లైసెన్స్ ఉండగా దొంగ తాళం వేసుకున్నట్టయింది. ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. ఇలాంటి టూల్స్‌ని డిఫెండర్ పట్టుకుంటుంది కాబట్టి, వాటిని నడిపేటప్పుడు డిఫెండర్‌ని ఆపడమో, ఫలానా ఫోల్డర్‌ని చూడొద్దని చెప్పడమో చేస్తారు. మీరే చూడొచ్చు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, అడుగున ఎక్స్‌క్లూజన్స్ చూడండి. అక్కడ ఏ ఫోల్డర్ పేరు ఉన్నా ఆ ఫోల్డర్ మీద కాపలా లేదు. అసలు విండోస్ సెక్యూరిటీయే తెరుచుకోకపోతే, అది కొన్ని భాగాలు కత్తిరించి తయారుచేసిన "లైట్" విండోస్ కావచ్చు. దానికి మరమ్మతు ఉండదు.

ఇంకో సంగతి. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ రోజు వచ్చిన కేబీ 5066791 (కేబీ అంటే ఒక్కో అప్‌డేట్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే నంబరు) అందరికీ దొరికే ఆఖరి నెలవారీ అప్‌డేట్. ఆ తర్వాతి సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే ఈఎస్‌యూ అనే పొడిగింపులో పేరు నమోదు చేసుకోవాలి. ఇళ్ళలో వాడుకునేవాళ్ళకి అది 2026 అక్టోబర్ 13 వరకు. మీది ఏడో తరం ప్రాసెసర్, విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచీ లెక్క. ఇవన్నీ కలుపుకుంటే మీ ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, ఉన్నదాన్నే సరిచేసుకోవడం. స్టార్ట్ మెనూలో "సర్వీసెస్" అని టైపు చేసి తెరిచి "విండోస్ అప్‌డేట్" మీద రెండుసార్లు నొక్కి, స్టార్టప్ టైప్‌ని డిజేబుల్డ్ నుంచి మాన్యువల్‌కి మార్చి, స్టార్ట్ నొక్కాలి. అప్‌డేట్ ఆపే టూల్ ఇంకా మిషన్లో ఉంటే, అది మళ్ళీ డిజేబుల్ చేస్తుంది. కాబట్టి ఆ టూల్ తెరిచి ముందు దాంట్లోనే ఎనేబుల్ చేయించాలి. ఈ దారిలో డేటా, సమయం రెండూ తక్కువ. కానీ క్రాక్ టూల్ లోపల ఇంకేం పెట్టిందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పెన్షన్ ఖాతా తెరిచే మిషన్ మీద నేనైతే దీనికి ఒప్పుకోను.

రెండోది, హోమ్‌ని శుభ్రంగా మళ్ళీ ఎక్కించుకోవడం. నా ఓటు దీనికే. మైక్రోసాఫ్ట్ సైటులో మీడియా క్రియేషన్ టూల్ దొరుకుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అయితే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫైల్ పెద్దది, మీ ఫోన్ డేటా మీద కాకుండా ఫైబర్ నెట్ ఉన్నచోట చేయించండి. ఎక్కించేటప్పుడు "కస్టమ్" ఎంచుకుని, ఆ ఎస్ఎస్‌డీ మీది పార్టిషన్లన్నీ తీసేసి ఖాళీ జాగాలో ఎక్కించాలి. సీ డ్రైవ్‌ని చిన్నగా కోయనివ్వకండి, అప్‌డేట్లకి ఎప్పుడూ 20 జీబీ దాకా ఖాళీ ఉంటే మంచిది.

అంతకుముందే మీ అను ఫైళ్ళతో పాటు ఆ ఫాంట్లు కూడా బయట డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అను సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. పాత హార్డ్ డిస్క్‌ని పారేయొద్దు. యూఎస్‌బీ కేసులో పెడితే అదే మీ బ్యాకప్.

కొత్త విండోస్ లేవగానే తేదీ, సమయం సరిచూడండి. పాత లాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ చచ్చిపోయి తేదీ ఎప్పటిదో చూపిస్తుంటుంది. తేదీ తప్పయితే సర్వర్ సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపించి అప్‌డేట్ కదలదు, కారణం మాత్రం ఎక్కడా సూటిగా చెప్పదు.

అప్‌డేట్ల గురించి మీకున్న పెద్ద దిగులు "ఇన్నేళ్ళవి అన్నీ పెట్టాలా" అని. అక్కర్లేదు. విండోస్ 10లో నెలవారీ అప్‌డేట్ క్యుములేటివ్, అంటే తాజాది ఒక్కటి పెడితే వెనకటి నెలలవన్నీ అందులోనే ఉంటాయి. దాంతోపాటు డాట్‌నెట్‌ది ఒకటి, డిఫెండర్ డెఫినిషన్లు, కొన్ని డ్రైవర్లు వస్తాయి. డ్రైవర్ల కోసం "డ్రైవర్ ప్యాక్", "బూస్టర్" లాంటివి పెట్టనివ్వకండి. విండోస్ అప్‌డేట్ తెచ్చినవి చాలకపోతే లాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ నంబరుతో వెతకాలి.

హాట్‌స్పాట్ మీదే చేయాల్సి వస్తే ఒక చిట్కా. వైఫై ప్రాపర్టీస్‌లో "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయండి. అప్పుడు స్టోర్ యాప్‌లు, వన్‌డ్రైవ్ లాంటివి మీ 2 జీబీని చాలావరకు ముట్టుకోవు. ఆపైన విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో "డౌన్‌లోడ్ అప్‌డేట్స్ ఓవర్ మీటర్డ్ కనెక్షన్స్" కూడా ఆన్ చేయండి. రెండూ కలిస్తే అప్‌డేట్లు దిగుతాయి, మిగతావి ఆగుతాయి. మొదటిది మాత్రమే ఆన్ చేసి రెండోది మరిచిపోతే అప్‌డేట్లూ ఆగిపోతాయి.

లేదంటే వేరేచోట మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ తెరిచి కేబీ నంబరుతో వెతికి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. జాబితాలో విండోస్ 10, 22హెచ్2 (విండోస్ 10 ఆఖరి వెర్షన్), "ఎక్స్64" అని ఉన్న "క్యుములేటివ్ అప్‌డేట్" వరసే కావాలి. "డైనమిక్" అని ఉన్నది వద్దు. సైజు పక్కనే రాసి ఉంటుంది. నెట్ లేకుండానే ఆ ఫైల్ మీద రెండుసార్లు నొక్కి ఎక్కించవచ్చు. మీ అల్లుడి షరతుకి అక్షరాలా సరిపోయే పద్ధతి ఇదే.

చార్జర్ పెట్టి ఉంచండి. బ్యాటరీ నిలవని లాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ లైను మీద పెట్టండి, కరెంటు పోయే వేళ మొదలుపెట్టకండి. శాతం ఒకచోట ఆగిపోయినట్టు కనిపించినా పవర్ బటన్ నొక్కకండి, గంట గడిచినా ఓపిక పట్టండి. అయిపోయాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న మిషన్లో మామూలు షట్‌డౌన్ పూర్తిగా మూసి తెరిచినట్టు కాదు. లేచాక మళ్ళీ "చెక్ ఫర్ అప్‌డేట్స్". "యూ ఆర్ అప్ టు డేట్" వచ్చేదాకా ఇదే వరస, రెండు మూడుసార్లు పట్టవచ్చు.

అప్పుడు ఈఎస్‌యూ. కొత్తగా ఎక్కించిన వెంటనే నమోదు లింకు కనిపించకపోతే కంగారు పడకండి, మిషన్ 22హెచ్2 మీద ఉండి అప్‌డేట్లు పూర్తయ్యాకే అది విండోస్ అప్‌డేట్ పేజీలో "ఎన్‌రోల్ నౌ" అని వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి. విండోస్ సెట్టింగులను ఆ ఖాతాకి సింక్ చేయడానికి ఒప్పుకుంటే ఉచితం. లేదా 1000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. మీకు ఉచితంది చాలు. ఒకే నమోదు అదే ఖాతా మీద పది మిషన్ల దాకా పనిచేస్తుంది.

ఈ నమోదుకి ఇంకో ప్రయోజనం ఉంది. మిషన్ లేచేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు తీరేది 2026 జూన్ నుంచి, వాటి బదులు కొత్తవి వచ్చేది అప్‌డేట్ల ద్వారానే.

"డిఫెండర్ ఉంది, ఎడ్జ్ బ్రౌజర్ అప్‌డేట్ అవుతోంది, చాలదా" అని ఎవరైనా అనవచ్చు. విండోస్ 10 మీద ఆ రెంటికీ 2028 అక్టోబర్ దాకా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పిన మాట నిజమే. కానీ లోపం విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని మూలభాగంలో, ఉంటే బ్రౌజర్ అప్‌డేట్ దాన్ని పూడ్చదు.

మూడో దారి విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత సిస్టమ్. అందులో ఒక రకమైన ఉబుంటు 24.04కి 2029 దాకా సపోర్టు ఉంది, మీ మిషన్ మీద చక్కగా నడుస్తుంది, బ్యాంకు సైటుకీ వీడియో కాల్‌కీ లోటు లేదు. మీకు అడ్డం వచ్చేది అను. ఆ ఫైళ్ళు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే ఉమ్మడి అక్షర పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి టైపు చేసిన పద్యాలన్నీ యూనికోడ్‌కి మార్చుకుని, అరసున్నలు, వట్రసుడులు నిలిచాయో లేదో ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. ఎప్పటికైనా చేయదగ్గ పనే, ఈ వారంలో హడావిడిగా చేసేది కాదు. షరతులు దాటవేసి విండోస్ 11 ఎక్కించే పద్ధతులూ ఉన్నాయి. అలా చేసిన మిషన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, ఏటా వచ్చే పెద్ద వెర్షన్ చేత్తో పెట్టుకోవాల్సి వస్తుంది. మీకు వద్దనే అంటాను.

నాలుగోది, అమ్మాయి చెప్పిన కొత్త లాప్‌టాప్. ఇప్పుడే అవసరం లేదు, 2026 అక్టోబర్ నాటికి ఆలోచించవచ్చు. అక్కడి నుంచి తెప్పిస్తే వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో ముందే అడగమనండి. పెట్టెలోంచి తీసిన కొత్త మిషన్లోనూ ఉండేది కొన్ని నెలల కిందటి విండోసే. దానికీ మొదటి పని అప్‌డేట్లే.

ఏ దారి పట్టినా, ఈ ప్రో విండోస్ మీద ఇప్పటికే బ్యాంకు సైటులోకి వెళ్ళి ఉంటే, ఆ పాస్‌వర్డ్‌ని ఫోన్ నుంచి ఈ రోజే మార్చండి. మెయిల్ పాస్‌వర్డ్ కూడా. మార్చాక మళ్ళీ ఈ లాప్‌టాప్‌లో టైపు చేయకండి, శుభ్రంగా ఎక్కించాకే.

కుర్రవాడి దగ్గరికి వద్దాం. వాణ్ణి తప్పించి వేరే షాపుకి ఇవ్వవచ్చు, కానీ చిన్న ఊళ్ళో ఆ సంగతి సాయంత్రానికి వాడికి చేరుతుంది. వాడికే ఇవ్వడంలో లాభం, షాపులో ఫైబర్ నెట్ ఉంటే మీ డేటా బెంగ తీరుతుంది. ప్రమాదం, అలవాటుగా అదే పాత పెన్‌డ్రైవ్ పెట్టేస్తాడు. అందుకే మీరు పక్కన కూర్చుని మైక్రోసాఫ్ట్ సైటు నుంచి కొత్తగా చేయించండి. "నాన్నా, నువ్వు ఎస్ఎస్‌డీ వేశాక దీనికి ప్రాణం లేచొచ్చింది. బిల్లు వెతికితే దొరికింది, ఇందులో హోమ్ కీ ఉందట. అదే వేసి, అప్‌డేట్లు కూడా పూర్తి చేసి ఇయ్యి. ఈసారి నీ కూలి నువ్వు తీసుకోవాలి" అనండి. కూలి మాట ముఖ్యం. ఉచితంగా చేసే పనిలో అప్‌డేట్ల కోసం మూడు నాలుగు గంటలు కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. క్రాక్ మాట మీరు ఎత్తకపోయినా హోమ్ అనగానే వాడికి అర్థమవుతుంది.

మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం అక్కడి ఉదయం విడుదలవుతాయి, మనకి అప్పుడు రాత్రి పదిన్నరో పదకొండున్నరో. బుధవారం ఉదయం కాఫీ తాగుతూ ఒకసారి చెక్ చేసుకుంటే ఆ నెలకి సరి.

లాప్‌టాప్ చేతికి తీసుకునే ముందు వాడి షాపులోనే స్టార్ట్ మెనూలో "విన్‌వర్" అని టైపు చేసి తెరవమనండి. వెర్షన్ 22హెచ్2, బిల్డ్ 19045 అని ఉండి, చుక్క తర్వాతి అంకె 6456 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. యాక్టివేషన్ పేజీలో హోమ్ అని, డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉండాలి. ఈఎస్‌యూ నమోదు మాత్రం ఇంటికొచ్చాక మీ ఖాతాతో మీరే చేసుకోండి, ఆ పాస్‌వర్డ్ షాపులో ఎవరికీ చెప్పకండి.